క్లెమ్‌ని పిలిచే పక్షులు

నేను ముప్పై ఏళ్లు ఉత్తరాల బండి నడిపాను. పొద్దున్నే విర్రబూల్ పోస్టాఫీసు దగ్గర సంచులు ఎక్కించుకుని, ధాన్యం గిడ్డంగుల పక్కనుంచి మట్టిరోడ్డు పట్టుకుంటే, ముప్పై నాలుగు పొలాల ఇళ్లు చుట్టి మధ్యాహ్నం దాటాక తిరిగొచ్చేదాన్ని. సోమ, బుధ, శుక్రవారాలు. ఉత్తరాలతో పాటు రొట్టెలు, మందులు, గొర్రెలకు పట్టే మందు డబ్బాలు, ట్రాక్టరు విడిభాగాలు. మిగతా ఇళ్ల దగ్గర గేటు డబ్బాలో పడేసి సాగిపోయేదాన్ని. థోరా నోస్కి ఇంటి దగ్గర మాత్రం బండి దిగి లోపలికి వెళ్లేదాన్ని. నా బండి రేపే దుమ్ము మలుపు దగ్గర కనబడగానే ఆమె పొయ్యి మీద కెటిల్ పెట్టేసేది. కాగిన నీళ్లు పారబోయిస్తే ఆమెకు కోపం.

థోరా పుట్టింది ఆ ఇంట్లోనే. పందొమ్మిదో ఏట, గొర్రెల ఉన్ని కత్తిరించే మనుషులకు వండిపెట్టే ముసలాయన చెయ్యి విరగ్గొట్టుకుంటే, రెండు వారాలు వెళ్లి వండిరమ్మని తండ్రి పంపాడు. ఆ రెండు వారాలూ ముప్పై ఏళ్లయ్యాయి. ఒక షెడ్డు నుంచి ఇంకో షెడ్డుకి, గొర్రెలెక్కడుంటే అక్కడికి, లారీ వెనకాల పెనాలతో పాటు తిరిగింది. రోజుకి ఐదుసార్లు ముప్పై నలభై మందికి వడ్డించేది. ఎవరు టీలో ఎన్ని చెంచాల చక్కెర వేసుకుంటారో, మాంసం మీది కొవ్వు ఎవరు తీసి పక్కన పెడతారో ఒక్కసారి చూస్తే మరిచిపోయేది కాదు. చెక్క మెట్ల మీద బూట్ల చప్పుడు వినే, వచ్చేది ఎవరో వెనక్కి తిరక్కుండా చెప్పేదట. పెళ్లెందుకు చేసుకోలేదని ఒకసారి అడిగాను. అడిగినవాళ్లు ఇద్దరున్నారనీ, వాళ్లిద్దరికీ కావలసింది తన చేతి వంటే కానీ తను కాదనీ చెప్పింది.

నలభై తొమ్మిదో ఏట ఆమె తుంటి ఎముక అరిగిపోయింది. తండ్రి పోయాక పొలం తమ్ముడు తీసుకున్నాడు, ఇల్లూ దాని చుట్టూ రెండెకరాలూ థోరాకి మిగిలాయి. తిరిగొచ్చిన మొదటి ఏడాది ఆమెకు పిచ్చెక్కినంత పనైంది. పొద్దున లేచి ముప్పై మందికి సరిపడా పిండి కలిపేసి, తర్వాత దాన్నేం చెయ్యాలో తెలియక నిలబడిపోయేది. ఆ రొట్టెలు నేనే ఇంటింటికీ పంచాను.

పక్షులు వచ్చింది ఆ ఏడాదే. వాననీళ్ల ట్యాంకు కింద కుళాయి కారుతూ ఉండేది. దాని కింద గొర్రెల పాత తొట్టి ఒకటి పెట్టింది. ఎండాకాలం వచ్చి నది కూడా ఎండేసరికి మైళ్ల దూరంలో నీళ్లున్నది ఆ తొట్టిలోనే అయింది. మెల్‌బోర్న్‌లో పక్షుల లెక్కలు చూసేవాళ్లు, ఊళ్లలో ఉండే వాళ్లెవరైనా తమ పెరట్లోకి వచ్చే చిలకలు ఏ జాతివో, ఎన్నో నెలకోసారి రాసి పంపమని పత్రికలో వేశారు. ఆ పత్రిక తెచ్చి ఇచ్చింది నేనే. ఆమె వడ్డించే ముప్పై మందీ ఆ పెరట్లోకి అలా తిరిగొచ్చినట్టయింది.

నాకూ నేర్పింది. అంతకు ముందు నాకు గులాబి రంగు రొమ్ముతో ఉండే గలాలు, తెల్లగా ఉండే మిగతావన్నీ, ఈ రెండే జాతులు. గలాల్లో కన్ను ఎర్రగా ఉంటే ఆడది, నల్లగా ఉంటే మగది అని చెప్పింది. గడ్డిలో ఎలుకల్లా సద్దు లేకుండా మేసే పచ్చ చిలకలు ఎప్పుడూ జంటగానే ఉంటాయని, ఒంటరిగా కనబడితే రెండోది చచ్చిపోయిందనే అర్థమని చెప్పింది. కొరెల్లాలంటే తెల్ల కాకతువల్లో చిన్నవి. వాటిలో రెండు రకాలు. దూరం నుంచి రెండూ ఒకటే తెలుపు. రంగు చూడొద్దు, ముక్కు చూడమనేది. పొడుగు ముక్కుది నేలలో దుంపలు తవ్వుకు తింటుంది కాబట్టి ముక్కుకి ఎప్పుడూ మట్టి ఉంటుంది, గొంతు మీద పీక కోసినట్టు ఎర్రటి గీత ఉంటుంది. మాట నేర్చేది ఆ పొడుగు ముక్కుదే.

ఒకసారి ఆమె అరుదైన పసుప్పచ్చ చిలకని చూశానని రాస్తే, మీ ప్రాంతంలో అది ఉండే అవకాశం లేదు, మరోసారి సరిచూసుకోండి అని మెల్‌బోర్న్ నుంచి జవాబొచ్చింది. థోరా ఏమీ రాయలేదు. దాని తోక ఈక ఒకటి దొరికేదాకా మూడు వారాలు కాచుకుని కూర్చుని, కవర్లో పెట్టి పంపింది. ఆ తర్వాత వాళ్లు మళ్లీ ఆమెని సరిచూసుకోమనలేదు.

జాతులు పూర్తయ్యాక ఆమె ఒక్కో పక్షినీ గుర్తుపట్టడం మొదలుపెట్టింది. వంకరకాలు, పగులుముక్కు, సగంరెక్క, ఇలా నోటుపుస్తకంలో పేర్లూ బొమ్మలూ. ఊళ్లో కొట్టు నడిపే కోల్, నీ సంతానంలో అందరికీ పేర్లు పెట్టేశావా థోరా అని ఏడిపించేవాడు. పెట్టేశాను, ఒకడికి నీ పేరే పెట్టాను, తను తినడు, ఎవరెంత తింటున్నారో చూస్తూ కూర్చుంటాడు అని ఆమె జవాబు.

తొంభై ఐదు ఫిబ్రవరిలో ఒక బుధవారం నేను వెళ్లేసరికి పొయ్యి మీద కెటిల్ లేదు.

ఫిబ్రవరి అంటే మాకు నడి ఎండాకాలం, ఆ నెలంతా ఎండ నలభై రెండుకి తగ్గలేదు. థోరా వెనక గుమ్మం మెట్ల మీద కూర్చుని ఉంది. ఒళ్లో నోటుపుస్తకం, చేతిలో బైనాక్యులర్. నన్ను పక్కన కూర్చోమని సైగ చేసింది. టీ అడిగితే తర్వాత అంది. బండిలో వెన్న కరిగిపోతుందన్నాను. కరగనీ అంది. పెరట్లో కొరెల్లాలు ఒక నలభై ఉంటాయి. మిట్టమధ్యాహ్నం కావడంతో అన్నీ బద్ధకంగా నీడ పట్టున కూర్చుని ఉన్నాయి. కొన్ని చెట్టు మీద, కొన్ని బట్టలారేసే ఇనుప గొడుగు మీద. గాలి లేదు. ఒక్క ఈగల చప్పుడే.

అప్పుడు ఒక ఆడమనిషి గొంతు వినబడింది.

“క్లెమ్... ఓ క్లెమ్... ఉన్నావా?”

పెద్దగా కాదు. పక్కగదిలోంచి పిలిచినట్టు. నేను గబుక్కున లేచి షెడ్డు వైపు చూశాను, ఎవరో దాని వెనక ఉన్నారని. థోరా నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, అటు కాదు, పైన అంది. ఇనుప గొడుగు మీద ఉన్న పక్షి ఒకటి తల వాల్చి, ముక్కు కొంచెం తెరిచి, మళ్లీ అదే మాట అంది. అదే గొంతు. ‘ఉన్నావా’ దగ్గరకొచ్చేసరికి ఊపిరి చాలనట్టు కిందికి జారిపోయే గొంతు.

నా చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. అంత ఎండలోనూ.

“ఎవరిదో నీకు తెలుసా రోండా?” థోరా అడిగింది. “తెలుస్తుందనే కూర్చోబెట్టాను. నేను ఆ రోజుల్లో ఇక్కడ లేనుగా.”

నాకు తెలుసు. ఆ రోడ్డు చివర ఉండే డోరీన్ బార్ట్రమ్‌ది. గేటు దగ్గర నిలబడి నాతో పదేళ్లు మాట్లాడిన గొంతు. డోరీన్ పోయి అప్పటికి పన్నెండేళ్లయింది.

థోరా తొమ్మిది రోజులుగా వింటోందట. మొదటి రోజు ఒకటే పక్షి అంది. మూడో రోజుకి రెండు. ఆ బుధవారానికి ఐదు. ముందుగా అన్నది గీతకాలు అని పేరు పెట్టిన ముసలి పక్షి. దాని ఎడమకాలి మీద చుట్టూ వెంట్రుకవాసి లోతున ఒక గీత ఉంది, ఒకప్పుడు గొలుసు కట్టి ఉంచిన గుర్తు. కిందటి చలికాలం ఉత్తరాన ఉన్న పెద్ద చెరువు ఎండిపోతే అక్కడి గుంపు ఇటు వచ్చింది, ఇదీ వాటితో వచ్చింది. ఎనిమిది నెలలు థోరా పెరట్లో నీళ్లు తాగి నోరు విప్పలేదు. చలికాలమంతా నది ఒడ్డు చెట్ల మీద మిగతావాటికి నేర్పి ఉంటుందని థోరా అనుకుంది. అందరికీ వచ్చాకే ఇక్కడికొచ్చి అంటున్నాయి అంది. ఆ మాట నాకు ఏమాత్రం నచ్చలేదు.

మగగొంతు కూడా ఒకటి ఉందని చెప్పింది. అది దూరంగా, నది వైపు చెట్లలో. మాట తెలియడం లేదు.

క్లెమ్‌కి చెప్పాలా అని అడిగాను. డోరీన్ మొగుడు క్లెమ్ బార్ట్రమ్ ఇంకా ఆ ఇంట్లోనే ఉన్నాడు. డెబ్బై దాటాయి, ఒంటరి. నలభై డిగ్రీల ఎండలోనూ చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకునేవాడు. నేను ఉత్తరం ఇస్తే వేలికి వేలు తగలకుండా అందుకునేవాడు. భార్య పోయిన నెలలోనే ఇంటి చుట్టూ ఉన్న పెద్ద చెట్లన్నీ కొట్టించేశాడు. చెదలు పట్టాయన్నాడు. అప్పట్నుంచి ఆ ఇల్లు పళ్లెంలో పెట్టినట్టు ఎండలో ఉండేది.

థోరా వద్దంది. “చనిపోయిన మనిషి గొంతు తీసుకెళ్లి చేతికివ్వడానికి, అదేం నీ సంచిలో ఉత్తరం కాదు.”

చెప్పలేదు. కానీ పక్షులు ఒక్క పెరటితో ఊరుకుంటాయా. శుక్రవారం నాటికి గుంపులో సగం గిడ్డంగుల దగ్గర రాలిన గోధుమలకి వెళ్లింది. లారీలు తోలేవాళ్లు విన్నారు. సాయంత్రం బార్‌లో ఎవడో, ఇక్కడ క్లెమ్ అంటే ఎవర్రా, నిన్ను ఏదో ఆడపక్షి వెతుక్కుంటోంది అని నవ్వాడు. అక్కడున్న మావాళ్లెవరూ నవ్వలేదట. గ్లాసులు కింద పెట్టేశారట.

సోమవారం నేను థోరా వాకిట్లో బండి ఆపేసరికి, నా ముందే క్లెమ్ పికప్ బండి అక్కడుంది. ఆయన వెనక పెరట్లో నిలబడి ఉన్నాడు. చేతిలో కుందేళ్ల తుపాకీ. థోరా గుమ్మంలో కర్ర పట్టుకుని నిలబడి ఉంది. ఇద్దరూ ఒకళ్లనొకళ్లు పలకరించుకున్నట్టు లేదు.

“ఏది?” అని క్లెమ్ అడిగాడు.

“ఏది అంటే?”

“నీకొక్కదానికే తెలుస్తుందట కదా, ఏది ఏదో. చూపించు. ఒక్కటే కొడతాను. మిగతావాటి జోలికి పోను.”

తుపాకీ బండిలో పెట్టి రమ్మంది. ఆయన కదల్లేదు. నాకు భయమేసింది, నిజం చెప్పాలంటే. ఆయన మొహంలో కోపం ఉంటే అంత భయపడేదాన్ని కాదు. ఆయన మొహం జ్వరంతో లేచొచ్చిన పిల్లాడిలా ఉంది.

థోరా లోపలికెళ్లి, నోటుపుస్తకం తెచ్చి, మెట్ల మీద కూర్చుంది. పేజీ తిప్పి ఆయనకి చూపించింది. “ఒకటి కాదు క్లెమ్. ఏడు.”

ఆయన ఆ బొమ్మలు చూశాడు. థోరా ఒక్కోదాని మీదా వేలు పెట్టి చెప్పింది. ఈ నాలుగూ ఈ పెరట్లోనే పెరిగాయి, తల్లులు వీటి నోట్లో తిండి పెట్టడం నేను చూశాను. ఈ రెండింటికీ ఇంకా ముక్కు పొడుగు సాగలేదు, కిందటేడు పుట్టినవి. డోరీన్‌ని ఇవేవీ ఎరగవు. ఒకదాన్నుంచి ఒకటి నేర్చుకున్నాయి. ఇవాళ ఏడంటే నెలాఖరుకి ఎన్నవుతాయో నాకు తెలీదు. గుంపంతా కొడితే తప్ప ఆ గొంతు ఆగదు.

తర్వాత మొదటి బొమ్మ మీద వేలు పెట్టి, ఇది మాత్రం మీ ఇంటిదే అనుకుంటాను అంది. కాలి మీద గీత గురించి చెప్పింది.

క్లెమ్ ఆమె పక్కన మెట్టు మీద కూలబడినట్టు కూర్చున్నాడు. తుపాకీ మోకాళ్ల మీద అడ్డంగా. అది జాక్ అన్నాడు. పంజరం చేయించేదాకా గొలుసుతోనే ఉండేది అన్నాడు.

ఆ తర్వాత ఆయన చెప్పింది నేను ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు వాళ్లెవరూ లేరు.

డోరీన్ గుండె ఆగి పోయిందనీ, నేలకి తగిలేలోపే ప్రాణం పోయిందనీ మా అందరికీ క్లెమ్ చెప్పాడు. చావు ఉత్తరాల్లో కూడా అదే రాశాడు, వాటిని పంచింది నేనే. జరిగింది అది కాదు. ఆ రోజు ఎక్కడో పొలం సామాన్లు వేలం వేస్తున్నారని ఆయన పొద్దున్నే అరవై మైళ్లు వెళ్లాడు. డోరీన్ పక్షికి నీళ్లు పెట్టడానికి ఇంటి వెనక్కి వెళ్లి, ఇటుకల మీద కాలు జారి పడింది. తొడ ఎముక విరిగింది. లేవలేకపోయింది. ఆయన వేలం అయ్యాక ఊరికే మాటల్లో పడి, ఎవరో బీరు ఇప్పిస్తే తాగి, ఐదింటికి ఇల్లు చేరాడు. అప్పటికే ఆమె పోయింది. ఎండలో ఎంతసేపు బతికి ఉందో డాక్టరు చెప్పలేదు, ఆయన అడగలేదు. అడక్కుండా ఉంటే క్షణంలో పోయిందనుకోవచ్చుగా.

సమాధి చేసిన మూడో రోజున జాక్ మాట్లాడింది.

“పొద్దున పది నుంచి సాయంత్రం దాకా,” అన్నాడు క్లెమ్. “రోజూ. దానికి గంటలు తెలుసు. పది దాటాక మొదలయ్యేది, అప్పుడు గట్టిగానే పిలిచేది. మధ్యాహ్నానికి తగ్గిపోయేది. మూడు దాటాక ఇంక పెదాలు కదిపినట్టే.”

అంటే డాక్టరు చెప్పనిది పక్షి చెప్పిందన్నమాట. ఆయన నాలుగు రోజులు భరించాడు. ఐదో రోజు దాన్ని గోనెసంచిలో వేసి, ఉత్తరాన పెద్ద చెరువు దాకా తీసుకెళ్లి వదిలేసి, తిరిగొచ్చి, పక్షి వాలేందుకు కొమ్మంటూ లేకుండా చెట్లన్నీ కొట్టించేశాడు.

థోరా ఓదార్చలేదు, తప్పు పట్టలేదు. ఆమె చేసిందల్లా ఆయన మోకాళ్ల మీంచి తుపాకీ తీసి, తూటా బయటికి లాగి, తన ఆప్రాన్ జేబులో వేసుకోవడం. ఆయన అడ్డు చెప్పలేదు.

అప్పుడు పెరట్లో పక్షులు మొదలుపెట్టాయి.

ముందు గీతకాలు. తర్వాత చెట్టు మీదది. తర్వాత ట్యాంకు మీద రెండు, ఒకదాని మాట పూర్తి కాకుండానే ఇంకోటి. ఒకే ఆడమనిషి ఏడు చోట్ల నుంచి ఒకే మగాణ్ణి పిలుస్తోంది. క్లెమ్ వంగిపోయి రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. నేను లేచి చప్పట్లు కొట్టి వాటిని తోలబోయాను. థోరా కర్ర అడ్డం పెట్టి ఆపింది. ఆమె నది వైపు చూస్తోంది.

పిలుపు ఆగింది. అన్నీ ఒక్కసారే ఆగాయి, ఎందుకో తెలీదు. ఆ నిశ్శబ్దంలో కంచె అవతలి చెట్టు నుంచి మగగొంతు వినబడింది. ఈసారి దగ్గరగా, మాట తెలిసేలా.

“వచ్చాను డోర్. వచ్చాను. ఇక్కడే ఉన్నాను.”

క్లెమ్ చేతులు దించాడు. మా ఇద్దరి వంకా చూసి, ఆ చెట్టు వైపు చూశాడు.

“వాడెవడు?” అని అడిగాడు.

ఆయన గొంతులో ఉన్నది అసూయే అనుకుంటాను. ఎవరో పరాయివాడు తన భార్యకి బదులిస్తున్నాడన్నట్టు అడిగాడు. తన గొంతు తనకి బయటినుంచి ఎలా వినబడుతుందో ఎవరికీ తెలీదు కదా.

“అది నువ్వే క్లెమ్,” అంది థోరా.

ఆయనకి గుర్తులేదు. ఆ రోజు డోరీన్ పక్కన ఇటుకల మీద కూర్చుని చెయ్యి పట్టుకున్నది గుర్తుంది కానీ ఏమన్నాడో, అసలు మాట్లాడాడో లేదో గుర్తులేదు. డాక్టరు వచ్చేదాకా గంటన్నర పట్టింది. ఆ గంటన్నరా పంజరంలో జాక్ వింటూనే ఉంది. తర్వాత ఇంట్లో ఉన్న నాలుగు రోజుల్లో ఆమె గొంతే పలికింది కానీ ఈయన గొంతు పలకలేదు. చెరువు దగ్గరికి పోయాక పలికిందో, ఇంకెవరికి నేర్పిందో.

మళ్లీ పిలిచాయి. మళ్లీ అవతలి నుంచి జవాబు. ఒకవైపు ఆమె, ఒకవైపు ఆయన, మధ్యలో మేం ముగ్గురం. క్లెమ్ ఏడవలేదు. నోరు కొంచెం తెరిచి, ప్రతిసారీ ఆమె మాట అయ్యాక, ఆయన మాట వచ్చేలోపు, ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. రావడం ఒక్క క్షణం ఆలస్యమైతే చేతి వేళ్లు మెట్టుని గట్టిగా పట్టుకునేవి. థోరా బైనాక్యులర్ పెట్టి చూసి, జవాబు చెబుతున్నది ముక్కు సాగని పిల్లపక్షి అని మెల్లగా నాతో అంది. క్లెమ్‌ని అది పుట్టాక ఎన్నడూ చూసి ఉండదు.

ఆ మధ్యాహ్నం బండిలో వెన్నంతా కరిగిపోయింది. ఉత్తరాలు అందరికీ ఆలస్యంగా చేరాయి. ఎవరూ ఎందుకని అడగలేదు.

ఆ రోజు నుంచి మార్చి నెలాఖరులో గుంపు నదికి తరలిపోయేదాకా క్లెమ్ రోజూ వచ్చి ఆ మెట్ల మీద కూర్చునేవాడు. థోరా ఆయనకి టీ, ఖర్జూరాల రొట్టె ఇచ్చేది. మాటలుండేవి కావు. గిడ్డంగుల దగ్గర తీగలు కొరికేస్తున్నాయని కొరెల్లాలని కాల్చడానికి మనుషుల్ని పిలిపించాలని ఊళ్లో సమావేశం పెడితే, పన్నెండేళ్లలో మొదటిసారి క్లెమ్ నలుగురిలోకి వచ్చి, వెనక వరసలో లేచి నిలబడ్డాడు. వద్దు అన్నాడు. కారణం అడగలేదు ఎవరూ. ఆ విషయం అంతటితో పోయింది.

మరుసటి ఎండాకాలం గుంపు తిరిగొచ్చింది. థోరా పుస్తకంలో మాట్లాడేవి పదకొండయ్యాయి. కానీ వరస మారిపోయింది. ముందు మగగొంతు, వచ్చాను డోర్ అనేది. ఆ తర్వాతెప్పుడో ఆడగొంతు, ఉన్నావా అని అడిగేది. వచ్చినవాడు వచ్చి నిలబడితే, ఆమె ఇంకా ఎక్కడో వెతుక్కుంటున్నట్టు. అది నాకు మొదటిదానికన్నా ఘోరంగా అనిపించింది. క్లెమ్‌కి ఏమనిపించిందో చెప్పలేదు. ఆయన రావడం మానలేదు. ఒకరోజు మాత్రం, లేచి వెళ్లబోతూ, “నేను వెళ్తున్నాను డోర్” అని చెట్ల వైపు చూసి మామూలుగా చెప్పడం విన్నాను, కొట్టుకెళ్లేవాడు భార్యకి చెప్పినట్టు. థోరా నోటుపుస్తకం మూసేసి నా వంక చూడకుండా కప్పులు తీసింది.

ఆయన తొంభై ఎనిమిది శీతాకాలంలో ఆసుపత్రిలో పోయాడు. థోరా అంతకు ఐదేళ్ల తర్వాత, తన మంచం మీదే. చివరిదాకా నెలనెలా కాగితం పంపింది. నోటుపుస్తకాలు ఇరవై రెండు. ఆమె చెప్పినట్టే నేను వాటిని మెల్‌బోర్న్ పంపాను. ఏ పక్షి ఏం మాట్లాడిందో రాసిన పేజీలు మాత్రం ఆమె ముందే కోసి పొయ్యిలో వేసిందని, పంపేముందు తెరిచి చూస్తే తెలిసింది. జాతులూ, గుర్తులూ, అంకెలే మిగిలాయి.

నేను ఉద్యోగం మానేశాక, మా ఆయనా నేనూ పాత వ్యాను ఒకటి కొనుక్కుని ఉత్తరానికి బయల్దేరాం. రెండోరోజు, మా ఊరికి రెండొందల మైళ్ల అవతల, ఒక పెట్రోలు బంకు దగ్గర ఆగాం. దాని వెనక పెద్ద చెట్లు, చెట్ల నిండా కొరెల్లాలు. నేను అలవాటు కొద్దీ ముక్కులు చూశాను. అన్నీ పొడుగు ముక్కువి, చాలావరకు పడుచు పక్షులు. బంకు నడిపే ఆవిడ చిల్లర ఇస్తూ, మాటల్లో మాటగా, ఈ పక్షులు భలే విచిత్రమైనవి, పొద్దస్తమానం క్లెమ్ అనేవాడి కోసం అడుగుతాయి అంది. ఆ చుట్టుపక్కల ఆ పేరుగల మనిషే లేడట. ఆవిడ మొగుడు మొదట్లో నవ్వుకున్నాడు, తర్వాత విసుగెత్తి, ఒకరోజు బయటికొచ్చి వాటి మీద గట్టిగా అరిచాడు. ఏమని అరిచాడో అడిగాను.

“ఉండండి, అవే చెప్తాయి,” అందావిడ.

మా ఆయన వ్యానులో ఎక్కి కూర్చున్నాడు. నేను చెట్ల కింద నిలబడ్డాను. చాలాసేపేం పట్టలేదు. ఎత్తుగా ఎక్కడినుంచో డోరీన్ పిలిచింది. గొంతు కొంచెం అరిగింది, పేరు కూడా ముందంత స్పష్టంగా లేదు, కానీ చివర ఊపిరి జారిపోవడం అలాగే ఉంది. ఆ వెంటనే, ఆమె నెత్తి మీది కొమ్మ నుంచే, నేనెరగని మగవాడి గొంతు కటువుగా అంది.

“క్లెమ్ ఇక్కడ లేడు.”

కాసేపు ఏ పక్షీ పలకలేదు. మళ్లీ ఆమె అడిగింది. అతను మళ్లీ అదే చెప్పాడు.